అగ్నిపర్వతపు నేల మీద మ్యూజియం కట్టాలంటే

పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో ఫాయల్ అనే దీవి ఉంది. దాని పడమటి కొసన, కపెలిన్యోస్ అనే చోట, ఒక పాత లైట్‌హౌస్ నిలబడి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే దాని కింది అంతస్తు నేలలో కూరుకుపోయి ఉంటుంది. 1957 సెప్టెంబరు 27న తీరానికి సుమారు కిలోమీటరు దూరంలో, సముద్రం లోపల మొదలైన విస్ఫోటనం 1958 అక్టోబరు 24 దాకా, అంటే దాదాపు పదమూడు నెలల పాటు సాగి, ఇళ్ల మీద, పొలాల మీద, ఈ లైట్‌హౌస్ మీద బూడిద కుమ్మరించింది. 2008లో అక్కడ విస్ఫోటనం గురించి చెప్పే కేంద్రాన్ని తెరిచారు. దాని కోసం చుట్టూ చూస్తే భవనమంటూ ఏదీ కనిపించదు, ఎందుకంటే వాస్తుశిల్పి నునో రిబెయిరో లోపెస్ ఆ నేల రూపు చెడకుండా దానిని భూమట్టానికి కిందనే అమర్చారు. లోపలి గదులు చూసుకుంటూ వచ్చినవారు చివరకు లైట్‌హౌస్ మెట్లెక్కి, అప్పటిదాకా బొమ్మల్లో చూసిన నేలను పైనుంచి కళ్లారా చూడవచ్చు.

మామూలు మ్యూజియంలో వస్తువు లోపల ఉంటుంది, భవనం దానికి గొడుగు పడుతుంది. అగ్నిపర్వత ప్రాంతంలో అసలు వస్తువు బయట, కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంటుంది కాబట్టి దానిని గదిలోకి తేవడం ఎవరి తరమూ కాదు. లోపలి గదులు చేయగలిగిన మేలు ఒక్కటే: వచ్చినవారికి ఆ నేలను చూడడం నేర్పి తిరిగి బయటికి పంపడం. స్థలం, పునాది, కిటికీ, రాయి, ఆఖరికి టికెట్ కౌంటరు ఎక్కడ ఉండాలన్నది కూడా ఈ లెక్కతోనే తేల్చుకోవాలి. ఇలాంటి పని చేపట్టే వాస్తుశిల్పులకూ, ప్రదర్శన రూపకర్తలకూ, వారికి పని అప్పగించే అధికారులకూ ఉపయోగపడతాయనుకున్న సంగతులను కింద రాస్తున్నాను.

గీత గీయడానికి ముందు నడక

భూవిజ్ఞాన పటాన్ని చేతపట్టుకొని, ఒక భూవిజ్ఞానిని వెంటబెట్టుకొని, స్థలమంతా కాలినడకన తిరగడం మొదటి పని. పటంలో ఒకే రంగుతో నింపిన చోట నేల మీద రెండు మూడు రకాల లావా ఉండవచ్చు. హవాయి ప్రజలు పాహోయిహోయి అని పిలిచే లావా పై పొర నునుపుగా, చుట్టలు చుట్టిన మోకులా గడ్డకడుతుంది. వారే ఆఆ అని పిలిచే మరో రకం, పగలగొట్టిన చిట్టెపు గుట్టలా కోసుగా, కాలు మోపనివ్వకుండా ఉంటుంది. మొదటి దాని మీద సన్నటి బాట వేసుకోవచ్చు. రెండో దాని మీద బాట వేయాలంటే రాయిని నలగ్గొట్టాలి, అలా నలగ్గొట్టిన గీత మళ్లీ మానదు. పైకి గట్టిగా కనిపించే లావా కింద బోలు సొరంగం ఉండే అవకాశం కూడా ఉంది కనుక, బరువు మోపబోయే ప్రతిచోటా నేల లోపలికి చూసే రాడార్ సర్వే చేయించాలి.

ఒక్కసారి తిరిగితే సరిపోదు. ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, వాన వెలిసిన వెంటనే, వీలైతే ఏడాది పొడవునా అన్ని కాలాల్లో చూడాలి. నల్లటి రాయి మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడలు లేక చదునైన తారు గచ్చులా కనిపిస్తుంది; అదే రాయి ఏటవాలు వెలుగులో మడత మడతకూ నీడ పడి, పారుతూ పారుతూ ఆగిపోయిన ద్రవమని తనంతట తానే చెబుతుంది. ప్రధానమైన కిటికీ ఏ దిక్కుకు ఉండాలి, సందర్శకులను ఏ వేళకు బయటికి నడిపించాలి అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఈ చిన్న విషయం పట్టించుకోనందువల్ల, ఎంతో ఖర్చుతో పెట్టిన పెద్ద అద్దం వెనుక సగం రోజు ఏమీ కనిపించని మ్యూజియాలు తయారవుతాయి.

నేల ఎంతకాలం ఉంటుందో కూడా లెక్క కట్టుకోవాలి. కపెలిన్యోస్ విస్ఫోటనం దీవికి సుమారు 2.4 చదరపు కిలోమీటర్ల కొత్త నేలను చేర్చింది, కాని వదులు బూడిదతో ఏర్పడిన ఆ నేలలో చాలా భాగాన్ని అట్లాంటిక్ అలలు అప్పటి నుంచి కోసుకుపోతూనే ఉన్నాయి. కాబట్టి ఇప్పటి పటంతో పాటు యాభై ఏళ్ల తరువాత తీరం, వాలు, వాగు ఎక్కడ ఉండవచ్చో ఊహించిన పటం కూడా బల్ల మీద ఉండాలి.

ఎక్కడ కట్టకూడదు

అందరూ అడిగే చోటు అగ్నిపర్వత బిలం (క్రేటర్) అంచు. దృశ్యం అక్కడే బాగుంటుంది, ఫోటోలు అక్కడే బాగా వస్తాయి. హవాయిలోని కిలవేయా అగ్నిపర్వత బిలం అంచున ఉండిన థామస్ జాగర్ మ్యూజియానికి సరిగ్గా ఆ స్థానమే దక్కింది. 2018 మే నెలలో వరుస భూకంపాలు మొదలై, బిలం అడుగు వందల మీటర్లు కుంగిపోయినప్పుడు, ఆ భవనం దెబ్బతిని మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. పైగా హవాయి ప్రజల విశ్వాసంలో ఆ బిలం పెలే అనే దేవత నివాసం. గర్భగుడి ముందు గ్యాలరీ కట్టడానికి మనం ఎంత ఆలోచిస్తామో అక్కడా అంత ఆలోచించాలి. అంచు దగ్గర విడదీసి తీసుకుపోగల చిన్న చూపుల అరుగు చాలు. గదులు, వస్తువులు, సిబ్బంది దూరంగా ఉండాలి.

ప్రమాద పటంలో లావా పారే దారులు, బురద ప్రవాహాలు దిగే లోయలు, గాలివాటున బూడిద పడే దిక్కు వేర్వేరుగా గుర్తించి ఉంటాయి. వాటికి అడ్డం పడని చోట, వేర్వేరు దిక్కులకు పోయే రెండు రోడ్లు ఉన్న చోట స్థలం వెతకాలి. కార్బన్ డయాక్సైడు గాలి కంటే బరువైనది కావడంతో పల్లాల్లో నిశ్శబ్దంగా పేరుకుంటుంది. అందమైన పల్లం దొరికిందని మురిసిపోయే ముందు అక్కడి గాలిని కొన్ని నెలల పాటు కొలిపించడం తప్పనిసరి.

కిందికి దింపడమా, పైకి లేపడమా

భవనాన్ని నేలలోకి దింపితే దృశ్యం చెడదు. ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ ప్రాంతంలో 2002లో తెరిచిన వుల్కానియా కేంద్రాన్ని కూడా వాస్తుశిల్పి హన్స్ హొలైన్ చాలావరకు భూగర్భంలోనే రూపొందించారు. అయితే ఆయన దాని నెత్తిన అగ్నిపర్వత శిల తొడిగిన ఒక శంఖాకారపు గోపురాన్ని నిలబెట్టారు, దాని లోపలి వైపు బంగారు వన్నెతో మెరుస్తుంది. లోపల నిలబడినవారికి ఆ వెలుగు మరపురానిదే కావచ్చు. నా మటుకు నాకు మాత్రం, సుమారు 80 అగ్నిపర్వతాలు వరుస కట్టి నిలిచిన చోట మనిషి చేత్తో మరొకటి కట్టాల్సిన అవసరం కనిపించదు.

నేలలోకి దింపాలని నిర్ణయించుకుంటే మొదటి శత్రువు నీరు. బూడిద పొర వాన నీటిని పీల్చుకొని తన బరువును గోడ మీదికి నెడుతుంది. లావా నిండా పగుళ్లే కనుక ఎక్కడో కురిసిన వాన ఇంకెక్కడో ఊరుతుంది. గోడకు లోపలి నుంచి పూసే పూతలు రెండు మూడు వర్షాకాలాలకు పొక్కిపోతాయి. నీటిని గోడకు బయటే ఆపే పొర, దాని వెనుక గులకరాళ్ల పొర, అడుగున నీటిని దూరంగా తీసుకుపోయే చిల్లుల గొట్టం, కరెంటు పోయినా పనిచేసే పంపు ఉండాలి. భూగర్భ గదుల్లో నేలలోంచి ఊరే హానికరమైన రేడాన్ వాయువు పేరుకునే అవకాశం ఉంది కాబట్టి గాలి మార్పిడిని ఏసీ వారికి వదిలేయకుండా నిర్మాణ నమూనాలోనే చేర్చాలి.

పైకప్పు సంగతి ఇంకా ముఖ్యం. రాలిన బూడిద పొడిగా ఉన్నప్పుడు తేలికే అనిపిస్తుంది, కాని వాన తోడైతే పది సెంటీమీటర్ల పొర చదరపు మీటరుకు వంద కిలోలు దాటిపోతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలిన సమయానికే తుఫాను వాన పడడంతో, తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి ఎందరో చనిపోయారు. అందువల్ల కప్పును ఏటవాలుగా, ఆ బరువును ఓర్చుకునేలా లెక్కించాలి. పిట్టగోడలు, లోపలి వైపు వాన కాలువలు పెట్టకూడదు. మనుషులు నడుముకు తాడు కట్టుకొని పారలతో ఊడ్చడానికి కొక్కేలు ముందే బిగించాలి. బూడిద నిజానికి గాజు, రాతి ముక్కల పొడి. అద్దాలను గీకుతుంది, యంత్రాల ఫిల్టర్లను పూడ్చేస్తుంది, తడిస్తే కరెంటు పరికరాలను షార్ట్ చేస్తుంది. గంధకపు వాయువులు వీచే చోట జింకు పూత వేసిన రేకు ఎక్కువ కాలం నిలవదు.

నేల వేడిగా ఉన్న చోట లోతుగా తవ్వే ఆలోచననే మానుకోవాలి. స్పెయిన్‌కు చెందిన లాంజరోటే దీవిలోని తిమన్‌ఫాయా ప్రాంతంలో 1730 నుంచి 1736 దాకా విస్ఫోటనాలు జరిగాయి. అక్కడ ఈనాటికీ పదమూడు మీటర్ల లోతున సుమారు 600 డిగ్రీల వేడి ఉంది. అక్కడి ఒక దిబ్బ మీద కళాకారుడు సెసర్ మన్రీకే 1970లో ఒక రెస్టారెంటును రూపొందించారు. పునాదికి గుంత తీయకుండా బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) రాళ్లను పొరలు పొరలుగా పరచి దాని మీద భవనాన్ని నిలబెట్టారు. వంటగది పక్కన బావిలాంటి వర మీద ఇనుప కడ్డీల జల్లెడ పరిచి, భూమిలోంచి వచ్చే వేడి మీదనే మాంసం కాలుస్తారు. బయట సిబ్బంది నేలలోకి దింపిన గొట్టంలో బకెట్టెడు నీళ్లు పోస్తారు, క్షణాల్లో అవి ఆవిరై పెద్ద చప్పుడుతో పైకి ఎగజిమ్ముతాయి. ఏ స్క్రీనూ, ఏ నమూనా బొమ్మా ఆ బకెట్టు నీళ్లకు సాటి రాదు. మీ స్థలంలో అలాంటి ప్రత్యక్ష నిదర్శనం ఏది ఉందో వెతికి, ప్రదర్శన ఖర్చులో మొదటి వాటా దానికే కేటాయించాలి.

మిగిలిన ఒక్కదానిని పట్టుకోవాలి

1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక, ఐస్‌లాండ్ దక్షిణ తీరంలోని హేమయ్ దీవిలో ఊరి అంచున నేల చీలి లావా ఎగిసింది. ముందు రోజు తుఫాను కారణంగా చేపల పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి కాబట్టి, సుమారు 5,300 మంది జనాభాలో ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే దీవి దాటగలిగారు. దాదాపు 400 ఇళ్లు లావా కింద, బూడిద కింద పోయాయి. ముందుకు జరిగి రేవును మూసేయబోయిన లావా మీద నెలల తరబడి సముద్రపు నీటిని పంపులతో చిమ్మి గట్టిపరిచారు. ఇంత కథ చెప్పడానికి 2014లో తెరిచిన ఎల్‌హేమార్ మ్యూజియం ఎంచుకున్నది బూడిదలోంచి తవ్వి తీసిన ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంటి చుట్టూ మ్యూజియం గోడలు లేచాయి, ఇల్లు విరిగినది విరిగినట్టే నడిమధ్యలో ఉంది.

ఇలాంటి అవశేషం దొరికితే పాటించవలసిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. బూడిదను మొత్తం ఊడ్చేయరాదు. ఎంత ఎత్తున కప్పిందో తెలిసేలా కనీసం ఒక మూలనైనా యథాతథంగా వదలాలి. విరిగిన దూలాన్ని సరిచేయకుండా, ఇంకా జారిపోకుండా మాత్రమే ఊతం పెట్టాలి, ఆ ఊతం కొత్తదని చూడగానే తెలియాలి. తవ్వి తీసిన గోడ తేమలో మార్పులకు పొడిపొడిగా రాలిపోతుంది కనుక, ఇంటి గదికీ సందర్శకుల నడవాకూ గాలి వేరుగా ఉండాలి. అందరినీ లోపల తిప్పాలన్న ఆశ మానుకోవాలి. గుమ్మం దగ్గర ఆగి చూస్తే చాలు. ఇంటివారు బతికి ఉంటే, ఏది చూపాలో ఏది చూపకూడదో మొదట వారినే అడగాలి.

ప్రాణాలు పోయిన చోట స్వరం మరింత తగ్గాలి. జపాన్‌లోని ఉన్‌జెన్ పర్వతం వద్ద 1991 జూన్ 3న దూసుకువచ్చిన వేడి బూడిద ప్రవాహంలో 43 మంది చనిపోయారు, వారిలో ఫ్రాన్స్‌కు చెందిన అగ్నిపర్వత పరిశోధకులు కాట్యా, మోరిస్ క్రాఫ్ట్ దంపతులు కూడా ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో ప్రవాహానికి కాలిపోయిన ఒక ప్రాథమిక పాఠశాలను అక్కడ కూల్చకుండా అలాగే ఉంచారు. అలాంటి చోట నిప్పులు ఎగజిమ్మే వీడియోలు, ఊగే కుర్చీలు అక్కరలేదు.

కిటికీ, దారి, రాయి

లాంజరోటే దీవిలోని తాహీచేలో 1730ల నాటి లావా మీద మన్రీకే 1968లో తన ఇల్లు కట్టుకున్నారు. గడ్డకట్టిన లావాలో సహజంగా ఏర్పడిన అయిదు బుడగలను సన్నటి సొరంగ మార్గాలతో కలిపి కింది గదులుగా మార్చుకున్నారు. పై గదుల్లో ఒకచోట పెద్ద కిటికీ ఉంది. బయటి లావా ఆ అద్దాన్ని దాటి గది నేల మీదికి ఒలికినట్టు కనిపిస్తుంది. నల్లటి రాయి పక్కన తెల్లటి సున్నం గోడ ఉండడం వల్లనే ఆ ఒలికిన ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. నల్ల నేల మీద అంతా నల్లగానే కట్టాలని చాలామంది ఉత్సాహపడతారు, కాని రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి చివరకు ఏదీ కనిపించదు. వెలుపల నేల రంగు, లోపల తేట గోడ అన్నది నేను సాధారణంగా సూచించే పద్ధతి.

కిటికీ ఒక్కటి చాలు, దాని ముందు కూర్చోవడానికి బల్ల ఉండాలి. అద్దం అవతల కనిపించే రెండు మూడు గుర్తులను, ఏ ప్రవాహం ముందు వచ్చింది, ఏది దాని మీదికి ఎక్కింది అని, అద్దం అంచున సన్నటి గీతలతో సూచించవచ్చు. బయటి బాట గుండ్రంగా తిరిగి వచ్చేలా, ఎక్కువలో ఎక్కువ అరగంట నడకగా ఉంటే ముసలివారూ పిల్లలూ కూడా వెళ్తారు. ఎండకు కాలిన బసాల్ట్ మీద చేయి పెట్టలేము కాబట్టి చేతికమ్మీలు కర్రవి ఉండాలి.

గోడలకు స్థానిక రాయి వాడడం మంచిదే. ఫ్రాన్స్‌లోని క్లెర్మోఁ ఫెరాఁ నగరంలోని కేథడ్రల్ నల్లగా ఉండడానికి కారణం దగ్గరలోని వోల్విక్ లావా రాయే. అయితే చూడవలసిన ప్రవాహాన్నే పగలగొట్టి తొడుగు రాయి చేసుకోవడం కంటే తెలివితక్కువ పని మరొకటి ఉండదు. పునాది తవ్వకంలో వచ్చిన రాయి, పాత క్వారీలో మిగిలిన రాయి వరకే పరిమితం కావాలని ఒప్పందంలోనే రాయించాలి.

గదుల్లో పెట్టే వస్తువుల గురించి క్లుప్తంగా చెబుతాను. తొట్టిలో నీళ్లు, పక్కన ఒకే పరిమాణంలో ఉన్న ప్యూమిస్ రాయి (నిండా బుడగల చిల్లులున్న లావా రాయి), బసాల్ట్ రాయి పెట్టి, చేత్తో ఎత్తి నీళ్లలో వేయనివ్వాలి. ఒకటి తేలుతుంది, మరొకటి బుడుంగున మునుగుతుంది. పదేళ్ల పిల్లవాడికి వాయువు, బుడగ, సాంద్రత అనే మూడు మాటలూ అక్కడే అర్థమవుతాయి.

జీవం ఉన్న చోట నియమాలు ఇంకా గట్టిగా ఉండాలి. అదే లాంజరోటేలో, లావా సొరంగం కప్పు కూలి తెరుచుకున్న చోట, మన్రీకే జమేయోస్ డెల్ ఆగ్వా అనే సందర్శన స్థలాన్ని తీర్చిదిద్దారు. సొరంగంలోని ఉప్పునీటి మడుగులో, నల్ల రాళ్ల మీద బియ్యం చల్లినట్టు, చూపు లేని చిన్న తెల్లటి పీతలు కనిపిస్తాయి. పుణ్యక్షేత్రాల్లో మనవాళ్లు గోదావరిలో రూపాయి వేసినట్టు అక్కడా సందర్శకులు నీళ్లలో నాణేలు విసిరేవారు. తుప్పు పట్టిన లోహం ఆ పీతలకు హాని చేస్తుంది కాబట్టి నాణేలు వేయడాన్ని నిషేధించారు. మీ మడుగు దగ్గర కూడా జనం ఏదో ఒకటి విసురుతారు, గుట్ట దగ్గర రాయి జేబులో వేసుకుంటారు. కాపలా ఖర్చును మొదటి ఏడాది లెక్కల్లోనే రాసుకోవాలి.

మన దగ్గర పనికొచ్చే చోటు

దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే. అయినా చల్లారిన లావాకు మన దగ్గర కొదవ లేదు. పత్తి పండించే నల్లరేగడిలో చాలా భాగం దక్కన్ లావా రాయి చివికి ఏర్పడినదే. ఇక రాజమహేంద్రవరం దగ్గర కాటేరులో, గోదావరి అవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతాల్లో సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్ ఉంది. పడమటి కనుమల వైపు పుట్టిన లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూవిజ్ఞానులు కొందరు వివరిస్తారు. మనం దానిని కంకర క్వారీగానే ఎరుగుదుము.

క్వారీ కోత గోడ దగ్గరికి వెళ్తే కింద ఒక నల్లరాతి పొర, పైన మరొకటి, నడుమ పాలిపోయిన సున్నపురాతి పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు రాయిగా మారి ఉంటాయి. మొదటి లావా చల్లారాక ఆ నేల మీదికి సముద్రపు నీరు వచ్చింది, గుల్లల్లో ప్రాణులు బతికాయి, ఆ తరువాత రెండో లావా వాటిని కప్పేసింది. ఇంత కథ ఆ ఒక్క పట్టీలో చదువుకోవచ్చు. పని ఆగిపోయిన ఒక క్వారీని ఇందుకు ఎంచుకుంటే గోడే ప్రదర్శన అవుతుంది. దానికి ఎదురుగా, రాళ్లు దొర్లి పడే దూరాన్ని కొలిచి అంతకు అవతల, రేకుల షెడ్డు పాటి నిర్మాణం సరిపోతుంది. చుట్టూ రేగడి ఉన్న చోటైతే, తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే ఆ మట్టిని దాటి పునాదిని రాతి దాకా దించాలి.

ఇక్కడ లేబుళ్లు రాసేటప్పుడు క్వారీలో పనిచేసినవారి మాటలను ముందు సేకరించాలి. ఏ రాయికి సుత్తి దెబ్బ ఎలా మోగుతుందో, ఏ పొర దగ్గర డ్రిల్లు తేలిగ్గా దిగుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. శాస్త్రీయ నామం వారి మాట కింద రెండో వరుసలో వస్తే చాలు. నిర్మాణ నమూనాలు మాత్రం వెంటనే మొదలుపెట్టకూడదు. కోత గోడ మీద వాన నీరు ఎటు జారుతోందో, సున్నపురాతి పట్టీ ఎక్కడ కరిగి ఊడుతోందో, క్వారీ గుంతలో నీరు ఏ మట్టం దాకా నిలుస్తోందో జూన్ నుంచి నవంబరు దాకా వారానికొకసారి ఒకే చోట నిలబడి ఫోటో తీసి, తేదీ వేసి దాచుకోవాలి.